పూలింటి దర్వాజ

షాద్‌నగర్ పక్కన జానయ్య పూలతోటలో, వడ్రంగి జాఫర్ మొక్కలు పెంచే అద్దాల ఇంటికి సున్నంతో గీతలు గీస్తున్నాడు.

"జాఫర్ భాయ్, దర్వాజ జర ఎత్తుగ పెట్టు."

"చిన్నగుంటెనే లోపల తేమ నిలుస్తది జానయ్యా. దొర తోటల అద్దాల ఇంటికి గట్లనే ఉండె గద."

"ఉండె. దాంట్ల మొక్కలకు నీళ్లు పోసినోణ్ణి నేనే. దొర లోపలున్నడంటె నెత్తికి చుట్టిన రుమాలు తీసి చంకల పెట్టుకొని, వంగి పోవాలె."

"జాగీర్లు పోయి పదేండ్లాయె."

"అందుకే చెప్తున్న. రేపు దీంట్ల నా కొడుకులు, కోడండ్లు పనిచేస్తరు. ఎవరూ వంగొద్దు."

జాఫర్ కొలతకట్టె అందుకున్నాడు.

"అయితే సక్కగ నిలబడు. నీ ఎత్తు కొలుస్త."

జానయ్య నిలబడ్డాడు. చేయి దానంతటదే తల మీదికి పోయింది. రుమాలు చంకలోకి చేరింది.

"చుట్టుకో జానయ్యా. అది నెత్తి మీదుండంగనే కొలవాలె."