రెండు కుచ్చుల పావురం

సెలూన్. గిరాకీ లేని మధ్యాహ్నం. కుర్చీలో బాబాయ్, ఆయన ఒళ్లో పావురం. కత్తెరతో బార్బరు. ఇంకో పావురమున్న పంజరం కిందపెట్టి బల్లమీద కూర్చున్న పిన్ని.

"గుడ్డ ఎవరికి కప్పమంటారు బాబాయ్? మీకా, దానికా?"

"నాకెందుకురా? దానికే. ముందు కుచ్చు కళ్లమీద పడకుండా తియ్యి. వెనక కుచ్చు జోలికి పోకు."

"పావురానికి క్షవరమా! మా నాన్న కూడా చేసుండడు."

"మామూలు పావురమనుకున్నావా? జర్మనీ జాతి! ముక్కుమీదో కుచ్చు, మెడమీదో కుచ్చు. కూస్తే డోలు వాయించినట్టుంటుంది. వాళ్ల దేశంలోనే అరుదైపోయిందట."

"కళ్లు కనపడకపోతే అరుదైపోక ఏమవుద్ది?"

"అదేరా నా ఏడుపు! జత కలిపి ఎన్నాళ్లయిందో. ఒక్క పిల్ల లేదు. ఆడది ఎదురుగానే ఉంటుంది, ఈ మహానుభావుడు గోడకి కూస్తాడు."

"గోడకా!"

"నిన్న నీళ్లచెంబు చుట్టూ తిరిగింది నాయనా. పాపం, చెంబుకే సిగ్గేసుంటుంది."

"నువ్వూరుకోవే. ఏం లోటు చేశానురా? జొన్నలు, బఠాణీలు, గుడ్డు పెంకు గట్టిపడాలని గవ్వల పొడి. స్నానానికి పళ్లెంలో నీళ్లు. చెమ్మ తగలని గది."

"గదంటే మా పడగ్గది నాయనా. మేం వంటింట్లో పడుకుంటున్నాం."

"వాటికి గాలీ వెలుతురూ ఉండాలే! పొద్దున్నే రెట్ట ఎత్తి, నేల కడిగి ఆరబెట్టాలి. లేకపోతే జబ్బులు."

"ఎవరెత్తుతారు బాబాయ్?"

"ఎత్తుతారు... ఎవరో ఒకరు. నువ్వు కత్తెర చూసుకో."

"సరే. సార్, కొంచెం తల దించండి... ఛ, అలవాటు!"

"దించింది చూడు! మర్యాద తెలిసిన జాతి."

"కాళ్లకున్న ఈకలు కూడా తియ్యనా?"

"తగ్గించు. గుడ్లమీద కూర్చుంటే అడ్డమొస్తాయి. పగలు పొదిగేది మగదే కదా."

"మగదా! జర్మనీ పద్ధతా?"

"ఏ పావురమైనా అంతేరా. పిల్లలకి గొంతులోంచి పాలు పట్టేది కూడా ఇద్దరూ."

"విన్నావా నాయనా? పక్షులు!"

"అయిపోయింది బాబాయ్. అద్దం చూపించనా?"

"వద్దొద్దు! అద్దంతో ప్రేమలో పడుతుంది. ఏమే, పంజరం తలుపు తియ్యి. నేను వదుల్తున్నా... చూడు, చూడు..."

"కూస్తోంది బాబాయ్! మెడ పొంగించి గిర్రున తిరుగుతోంది!"

"చూసిందిరా! పెళ్లాన్ని చూసిందిరా! నాకు కన్నీళ్లాగట్లేదురా అబ్బాయ్!"

"ఏడవకండి బాబాయ్. పిన్నీ, మీరైనా... అయ్యో, కొంగు కింద చేతికి ఆ కట్టేంటి?"

"విరిగింది నాయనా."

"విరిగిందా? ఏమే, ఎప్పుడు?"

"పోయిన వారం. మీ పావురాల గది కడుగుతూ జారిపడ్డాను."

"మరి నాకు చెప్పొద్దూ?"

"కట్టు కట్టించుకుని వచ్చేసరికి మీరే గుమ్మంలో ఎదురొచ్చారు. జొన్నలు తెచ్చావా అన్నారు."

"తెచ్చావా మరి?"

"చెయ్యి విరిగిందంటుంటే జొన్నలా బాబాయ్!"

"అంటే... గింజలు లేకపోతే అవి..."

"నాయనా, కత్తెర కింద పెట్టకు. ఈయనకీ గుడ్డ కప్పు. కళ్లకి అడ్డమొచ్చేదంతా తీసెయ్."

"బాబాయ్‌కి నెత్తిమీద ఒక్క వెంట్రుక కూడా లేదు కదా పిన్నీ!"

"అదే నాయనా, ఇన్నేళ్లుగా నాకూ అంతుపట్టనిది."