కొంగు చాటు మాట

నౌపడ పక్క పల్లె. జెట్టీకి ఒడ్డు ఇవ్వాలా వద్దా అని ఆఫీసర్లు ఊళ్లో మీటింగు పెట్టారు. దానికి కెమెరా పెట్టినవాడు గోవింద్. ఇప్పుడు అతని ఇంటికొచ్చి నిలదీస్తున్నది పిన్ని తాతమ్మ.

“నాను మాటాడినాన్రా! ఊరందరూ విన్నారు. మరి వీడియోలో నా మొకం ఏదిరా?”

“పిన్నీ, ముందు కూకో.”

“కూకోడం కాదు. ఏదిరా?”

“ఆ కెమెరాకి సెవులూ కళ్లూ రెండూ ఉంతాయి. వరసన మైకులెట్టినాం గదా, గొంతు ఎటేపు నుంచొచ్చిందో అవి పడతాయి. కెమెరా అటు తిరిగి, ఎవులి నోరు ఆడతందో ఎతుక్కుంతాది. దొరికినోలి మీద నిలబడిపోతాది.”

“నా మీద నిలబడ్డానికి దానికేటి రోగం?”

“నువ్వు నోటికి కొంగడ్డం ఎట్టుకున్నావు గదా.”

“గంగులు బావ ముందర మరెలా మాటాడతార్రా? మీ సిన్నాన్న సముద్రంలో పోయిన రోజు కూడా కొంగు సాటునే ఏడిసినాను.”

“నాకు తెలుసు. దానికి తెల్దు గదా. నీ మొకం దొరకనేదు, పక్కన గంగులు పెద్దయ్య మొకం దొరికినాది.”

“బావ నోరిప్పనేదు గదరా!”

“కిళ్లీ నమిల్తన్నాడు.”

“ఓలమ్మో! అయితే ‘ఒడ్డు ఇచ్చీసి మా పడవలు ఎక్కడ లాక్కోవాల, వలలు ఎక్కడ ఆరెట్టుకోవాల, మేం ఇవ్వం’ అన్న మాట...”

“పెద్దయ్య పేర పడినాది.”

“పోనీలేరా. ఎవులి పేరైతే ఏటి? ఊరి పెద్ద అన్నాడంటే ఇంకా గట్టిది. మాట ఉన్నాది, సాలు.”

“పిన్నీ...”

“ఏటిరా? ఉన్నాదా నేదా?”

“నిన్న ఆఫీసర్లు పెద్దయ్యని పిలిసి ఆ ముక్క సూపించినారు. ‘ఈ మాట నాది కాదు, కొట్టీండి’ అనీసినాడు.”

“కొట్టీసినారా?”

“కొట్టీసినారు. ఊర్లో ఎవులూ అడ్డం సెప్పనేదని రాసీసినారు.”

“నాను అన్నాను గదాని మిగిలినోలు గమ్మునున్నార్రా! నువ్వక్కడే ఉండి సెప్పనేకపోనావా?”

“సెప్పబోనాను. వైర్లు సుట్టుకోమన్నారు.”

“సీ! ఎదవ బతుకు. ఆ ఆఫీసర్లకైనా బుర్ర నేదా? ఆడగొంతు గదా అది!”

“అదే అడిగినారు. ‘ఈ గొంతు ఎవులిది, మీ ఇంటోలిదా’ అని.”

“మరి? నా గొంతు ఆయనకి తెల్దా? ఇన్నేళ్లు కూడొండి ఎట్టినాను. ఏటన్నాడు?”

“వద్దు పిన్నీ.”

“సెప్పరా!”

“‘మా ఇంట్లో ఆడోలు నా ముందర నోరెత్తరు బాబూ’ అన్నాడు.”