శుక్రవారం కదిలిన బాణం గుర్తు

"చిన్న కథప్పా, పాపక్క టీ చల్లారేలోపల అయిపోతాది" అని లోకనాథ్ మొదలుపెట్టినాడు. పాపక్క టీ పోసేటప్పుడే చల్లగా ఉంటుంది కాబట్టి ఆ మాటను మేమెవరమూ పట్టించుకోలేదు.

పుంగనూరు బస్టాండు పక్కన ఉంది పాపక్క టీ బంకు. లోకనాథ్ మిలిటరీకి సరుకు చేరవేసే ఒక కంపెనీ గోడౌన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఏ లారీ ఏ పూట ఏ దారిన పోవాలో అంతా అందులోనే ఉంటుంది. పోయిన నెల యూనిఫారాలు, బూట్ల లోడుతో బెంగళూరు పోతున్న ఆ కంపెనీ లారీని శాంతిపురం దాటినాక ఎవరో తనిఖీ అని ఆపి, సరుకంతా దించుకుపోయినారు. దొంగలకు దారి చెప్పింది డ్రైవరు దిలీపేనని అతన్ని జైల్లో పెట్టినారు. దిలీప్ తల్లి నంజమ్మ ఆ బంకు పక్కనే వేయించిన చెనక్కాయలు అమ్ముతుంది. ఆ రోజూ అక్కడే ఉంది.

"మా కంప్యూటర్లో దొంగ పడినాడు. దొంగంటే గుర్తొచ్చె, మా అవ్వ కాలంలో సోమలలో మేకల దొంగ ఒకడు ఉండె..." అంటూ లోకనాథ్ మేకల వెంట పోయి, ఆడినుంచి పెద్దపంజాణిలో వాళ్ల మామ పెండ్లికి పోయి, భోంచేసి, పక్కన కూర్చున్న నల్లప్ప గుర్తుచేస్తేగానీ కంప్యూటర్ దగ్గరకు తిరిగి రాలేదు.

"ఆఁ, పొద్దున్నే పోయి కూర్చుంటి. నేను మౌస్ ముట్టనేలేదు, తెర మీద బాణం గుర్తు దానంతట అదే నడస్తాండాది. లారీల ఫైలు తెరిసింది, సూసింది, మూసింది. ఈ నల్లప్ప మాదిరోడైతే దయ్యమనుకోని తాయెత్తు కట్టించుకునేదానికి పోయుంటాడు. నేను వైరు పీకితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు కొట్టిందా?" అన్నాడు నల్లప్ప.

"నన్ను యాల కొడతాది, వాన్ని కొట్టింది. మళ్లీ వైరు పెట్టి, వాడు వచ్చిన దారినే నేనూ పోతి. సముద్రాలు దాటి పోతి. వాని ఇంట్లో కెమెరా ఉంటే దాంట్లోంచి తొంగి సూస్తి. వాని పెండ్లాం వంట చేస్తాండాది. అమ్మా, కూరలో ఇంత ఉప్పు పోస్తాండావు, మీ ఆయనకు రోషం యాల రాలేదు అని తెలుగులోనే టైపు కొడితి. ఆయమ్మ ఏడిసింది."

"ఆమెకు తెలుగెట్లా అర్థమైందప్పా?" అన్నాడు రిటైరైన మాస్టరు భీమరావు.

"ఏడిసేదానికి అర్థం కావల్నా సార్? మీ క్లాసులో పిల్లోళ్లు ఇంగ్లీషు అర్థమయ్యే ఏడిసినారా?"

భీమరావు సారు టీ తాగడంలో మునిగిపోయినాడు.

"వాడు పారిపోతాంటే ఎంటర్ మీద ఒక్క గుద్దు గుద్దితి. ఆ అదురుకు కుప్పంలో కరెంటు పోయె, మదనపల్లె మార్కెట్లో టమోటాలు పెట్టెల్లోనే చట్నీ అయిపోయె, వాని దేశం దేశమంతా చీకటైపోయె. ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు ఫోను చేసినాడు. లోకనాథప్పా, సరిహద్దులో ఇంక తుపాకులు వద్దు, నువ్వు కుర్చీ వేసుకోని కూర్చుంటే చాలు అన్నాడు. చెనక్కాయకు నీళ్లు కట్టాల, తీరదు సార్ అంటి."

అందరం నవ్వినాం. నంజమ్మ నవ్వలేదు. చేతిలో ఉన్న కొలత డబ్బా కింద పెట్టింది.

"ఆ బాణం గుర్తు కదిలింది ఏ దినమప్పా?"

"పోయిన నెల రెండో శుక్రవారం."

"నా కొడుకు లారీ ఎక్కింది ఆ శుక్రవారం సాయంత్రమే."

లోకనాథ్ గ్లాసులోకి చూస్తూ మిగతాది మెల్లగా చెప్పినాడు. కంప్యూటర్లో దొంగ పడితే ఆ పూటే మిలిటరీవాళ్లకు రాసి పంపాలి, లారీలన్నీ ఆపాలి. రాసి పంపేది తనే. కానీ ఓనరు రాజేంద్ర దేవుడి పటాలకు పూలు పెడుతూ, శుక్రవారం పూట చెడ్డ కబురు గడప దాటించొద్దు, కాంట్రాక్టు పోతుంది, రేపు చూద్దామన్నాడట. తెల్లారేసరికి లోడు పోయింది. ఆ వారంలోనే కంప్యూటర్ కూడా మార్చేసినారు.

"సముద్రాలు దాటి పోయినోడివి," అంది నంజమ్మ, "గోడౌన్ గేటు దాకా పోయి నా కొడుకును నిలబెట్టలేకపోతివా?"

లోకనాథ్ టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసినాడు.

మరుసటి రోజు అతను నంజమ్మ వెంట పోయి విచారణ అధికారికి శుక్రవారం సంగతి చెప్పినాడు. అదొక్కటే చెప్పినాడు, ఒక్క మాట కూడా కలపలేదు. కంపెనీ అలాంటిదేమీ జరగలేదంది. లోకనాథ్ ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నాడా అని అధికారి అడిగితే, బంకు దగ్గరున్న మేం ముగ్గురం సాక్ష్యానికి పోయినాం. విన్నది విన్నట్టు చెప్పమన్నాడు. దిలీప్‌కు మేలు జరగాలని ఏదీ వదలకుండా చెప్పినాం. నేను బాణం గుర్తు, వైరు సంగతి చెప్పినా. నల్లప్ప ఉప్పు, టమోటాలు, ఢిల్లీ ఫోను చెప్పినాడు. భీమరావు సారు, మేం మరిచిపోయినామని, కుప్పం కరెంటు సంగతి అందించినాడు.

అధికారి మా ముందే కుప్పానికి ఫోను చేసి కనుక్కున్నాడు. ఆ రోజు కరెంటు పోలేదు.

దిలీప్ ఇంకా జైల్లోనే ఉన్నాడు.