నల్ల గదిలో నా నావ

నా పేరు ఓలేటి త్రిమూర్తులు. తండ్రి సత్తియ్య, ఆయన లేరు. వయసు డెబ్బై ఒకటి. వృత్తి చేపల వేట. ఊరు అంతర్వేది పల్లిపాలెం. సంతకం గీస్తాను గానీ చదవడం రాదు. ఎస్‌ఐ గారు అడగగా చెబుతున్నాను.

కొయ్య నావలు రాడార్‌లో సరిగా కనబడక ఓడలు గుద్దేస్తున్నాయని, ఒక నావను గదిలో పెట్టి పరీక్షించాలని కడియం దగ్గరి ప్రయివేటు ల్యాబు ఇంజనీరు రాజేంద్ర గారు మా పాలెం వచ్చారు. మా తమ్ముణ్ణి ఓడే గుద్దింది. అందుకని నా చిన్న నావ ఇచ్చాను. ఊరికే ఇచ్చాను.

సోమవారం ఉదయం నేనూ వెంట ఉండగా, ల్యాబు గదిలో నావను తిరిగే బల్ల మీద పెట్టారు. గోడలకీ పైకప్పుకీ మొనదేలిన నల్ల నురగ దిమ్మలున్నాయి. తరంగాలు నావకు తగిలి ఎటు చెదురుతాయో, అంచుల దగ్గర ఎటు వంగుతాయో కొలుస్తామని, గోడకు తగిలినవాటిని ఆ దిమ్మలు మింగేస్తాయని ఆయన చెప్పారు. తర్వాత అందరూ టీకి వెళ్ళారు.

కొత్త పనికి కదిలే నావ ముక్కుకు బొట్టు పెట్టకుండా మేము వదలం. ముందే అడిగితే "లోపల ఏమీ పూయకూడదండి" అన్నారు. నా నావకు బొట్టు పెట్టుకోవడానికి ఒకరి సెలవేంటి? ఇత్తడి కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళి, ముక్కు కింద వంగి పెడుతున్నాను. టీ తాగొచ్చినవాళ్ళు లోపలికి చూడకుండానే తలుపు వేశారు. దీపం ఆర్పేశారు.

అరిచాను. నా అరుపు నా నోటి దగ్గరే ఆగిపోయింది. ఫోను చేద్దామంటే సిగ్నలు అందలేదు. అప్పుడు నావ తిరిగింది. నీళ్ళు లేవు, తెడ్డు లేదు, నావ తిరిగింది. ఏది గోడో ఏది తలుపో తెలియలేదు. సముద్రంలో ఎంత చీకటైనా గాలి ఎటుందో తెలుస్తుంది. అక్కడ గాలి లేదు. నావ తిరుగుతూనే ఉంది.

తడుముకుంటూ గోడ దాకా పోయి చేతికందిన దిమ్మలు పీకాను. నేనే పీకాను. ఇనుప రేకు తగిలేదాకా పీకి, దాన్ని భరిణెతో కొట్టాను. కొడుతూనే ఉన్నాను.

తలుపు తీసింది రాజేంద్ర గారు. "అయ్యో బాబాయ్, మీరా! నావ పక్కన ఏదో పెద్దది కనబడుతుంటే ఇనుము దాచారేమో అనుకున్నామండి" అన్నారు.

"నీ యంత్రానికి కనబడ్డాను, నీకు కనబడలేదా బాబూ?" అన్నాను.

మేనేజరు శ్యాంబాబు గారు ఒక కాగితం తెచ్చి చదివారు. నేను తాగి లోపల పడుకున్నానని, దిమ్మలు కావాలని పాడుచేశానని ఉంది. "సంతకం పెట్టెయ్ తాతా, నీ నావ పట్టుకుపో" అన్నారు. నేను తాగుతాను. ఆ రోజు తాగలేదు. పెట్టనన్నాను. నావను లోపలే ఉంచి తాళం వేసి, నా మీద ఇక్కడ ఫిర్యాదు ఇచ్చారు.

నేను బయటికొచ్చాను. నావ రాలేదు. ముక్కుకు సగం బొట్టుతో ఆ చీకట్లోనే ఉంది. ముందు దాన్ని బయటికి తీయించండి, నా సంగతి తర్వాత చూసుకోండి.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. జరిగిందే చెప్పాను.

కుడిచేతి వేళ్ళు చీరుకుపోయి కలం పట్టలేనందున, ఎడమ బొటనవేలి ముద్ర:

ఓలేటి త్రిమూర్తులు