పాత డబ్బాలో ఆటలు

బావ అతన్ని లోపలికి రానిచ్చి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. హాల్లో టీవీ ముందు పాత సీపీయూ మూత విప్పుకుని కూర్చున్నాడు తమ్ముడు. పెళ్ళయిన మూడేళ్ళలో అక్క అతన్ని ఇంటికి పిలవడం ఇదే మొదలు.

“...అంతే అక్కా, ఈ డబ్బాకి ఆఫీసు పని ఇక చేతకాదు గానీ, మనం చిన్నప్పుడు ఆడిన ఆటలకి మహారాజులా పనికొస్తుంది. దుమ్ము చూశావూ, దిండు కుట్టుకోవచ్చు.”

“త్వరగా కానియ్.”

“కంగారెందుకు? ఆ గేముల షాపులో కూర్చుంటే లేచేదానివా? వీధిలో మగపిల్లలందర్నీ ఓడించి ఏడిపించేదానివి.”

“ఆ నోరు ఇప్పుడెక్కడుందిలే. పాతవన్నీ తుడిచేశావా?”

“చూసి తుడుస్తా. బావ ఫొటోలవీ ఉంటాయేమో... ఇవేంటి, వీడియోలు. అక్కా, ఇది నువ్వే. వంటింట్లో.”

“తుడిచెయ్.”

“రోజుకొకటి ఉంది. ఇది హాలు. ఇది...”

“తుడిచెయ్ అన్నానా! దొంగల భయంరా మీ బావకి.”

“దొంగలొచ్చి వంటింట్లో గరిటె తిప్పుతారా?”

“ఉండు, ఫోను... ఆఁ, చెప్పండి. తుడిచేస్తున్నాడండీ. లేదండీ, వాడేం చూళ్ళేదు. ఆఁ, ఊరికే ఆటలే. సరేనండీ. గుమ్మం దాకా కూడా వెళ్ళను.”

“బావేనా? నేను చూస్తున్నానని ఆయనకెలా తెలిసింది?”

“తెలీదు.”

“తెలీకుండానే ఇప్పుడే...”

“తెలీదన్నానుగా! ఆట పెట్టు.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఆట పెట్టరా. నీకు దణ్ణం పెడతా.”

“సరే, సరే. ఏడవకు. ఇదిగో, వచ్చేసింది. కార్ల పందెం. ఈ జాయ్‌స్టిక్ పట్టుకో.”

“సౌండు పెంచు.”

“చాలదూ?”

“ఇంకా.”

“పక్కింటివాళ్ళు కర్రలు పట్టుకొస్తారు.”

“రానీ. ఇంకా పెంచు. ఆఁ, అలా ఉంచు. ఇటు తిరక్కు, టీవీనే చూడు. నవ్వుతూ ఆడు.”

“నవ్వాలా?”

“నవ్వరా. గోడ మీద కెమెరాలోంచి ఆయన చూస్తూనే ఉంటాడు. ఈ మోతలో మన మాటలు మాత్రం వినపడవు. రోజూ బయట తాళం వేసి వెళ్తాడు, ఇవాళ నువ్వున్నావని మానుకున్నాడు. బయట పెట్టిన నీ బండి జోరుగా పోతుంది కదూ?”