చిమ్నీ దాటొచ్చిన చిన్న ఫోను

గట్టయ్య గొంతు సవరించుకున్నాడంటే జమున పొయ్యి మీద ఇంకో గిన్నె పాలు పెడుతుంది. కథ మొదలయ్యాక లేచేవాడు ఉండడని ఆమెకు తెలుసు. గోదావరిఖనిలో చాయ్ దుకాణాలకు కొదవేమీ లేదు. అయినా మొదటి షిఫ్టు దిగిన మనుషులు ఇంటికి పోకుండా జమున బల్లల మీద వచ్చి కూలబడేది చాయ్ కోసం కాదు, గట్టయ్య కోతల కోసం. ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపి రిటైరైన మనిషి. సర్వీసంతా ఎంత బొగ్గు మోశాడో గానీ, దిగిపోయాక అంతకు రెట్టింపు కోతలు కోస్తున్నాడు.

ఆ రోజు గట్టయ్య మహా హుషారుగా ఉన్నాడు. అందుకు కారణం ఎదురుగా కూర్చున్న అంద్రెయ చేతిలో ఉంది. గుప్పిట్లో ఇమిడిపోయే చిన్న ఫోను, కొత్తది. అంద్రెయ భూగర్భ బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేసి, గట్టయ్యతో పాటే రిటైరైనవాడు. మాట తక్కువ. గట్టయ్య కథలకు దుకాణంలో అందరూ నవ్వుతారు, అంద్రెయ మాత్రం వింటాడు. మొన్నమొన్నటి దాకా అతని చేతిలో కూతురు డెబోరా కొనిచ్చిన పెద్ద ఫోను ఉండేది. నాన్నకు ఒక కంటికి పొర వచ్చింది, పెద్దదైతే బాగా కనిపిస్తుందని, కాసిపేటలో టీచరుగా పనిచేసే ఆ పిల్ల ఏరికోరి తెచ్చింది. ఆ ఫోనులోనే యేసమ్మ పాట ఉండేది.

ఆ పాట సంగతి అందరికీ తెలిసిందే. పోయిన క్రిస్మస్‌కు ముందు అంద్రెయ భార్య యేసమ్మ వంటింట్లో బియ్యం ఏరుతూ పాడుకుంటుంటే, తలుపు దగ్గర నిలబడి అతనే వీడియో తీశాడు. మధ్యలో ఆమె ఏదో మాట గుర్తురాక నవ్వుతుంది, ఇగ చాలు ఆపమంటుంది, మళ్ళీ తనే పాడుతుంది. ఎండలు ముదరకముందే యేసమ్మ చనిపోయింది. అప్పటి నుంచి అంద్రెయ రోజూ సాయంత్రం ఇక్కడికి వచ్చి, పెద్ద ఫోనును చాయ్ గ్లాసుకు ఆనించి, దుకాణం గోలలో, గట్టయ్య కోతల నడుమ, ఆ పాట ఒక్కసారి పెట్టుకుని విని లేచి పోయేవాడు.

ఆ పెద్ద ఫోనును వెక్కిరించింది గట్టయ్యే. పలక పట్టుకుని ఏ బడికి పోతున్నావని అడిగేవాడు. జేబులో వేస్తే అంగీ ఒక పక్కకు ఒరిగిపోతున్నది చూడండని పదిమందికీ చూపించేవాడు. మగవాడి ఫోను పిడికిట్లో పట్టాలని తీర్మానం చేశాడు. అసలు నిజం వేరే ఉంది. అల్లుడు ప్రేమగా కొనిచ్చిన పెద్ద ఫోను గట్టయ్య చేతిలో ఒక్క పూట కూడా నిలవలేదు. ఏండ్ల తరబడి స్టీరింగు పట్టి బిగుసుకుపోయిన వేళ్ళకు ఆ వెడల్పు అందలేదు, జారిపడి అద్దం పగిలింది. ఆ సంగతి భార్య మల్లక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సిగ్గు కప్పుకోవడానికే చిన్న ఫోను గొప్పలు మొదలయ్యాయి.

ఆ గొప్పలు విని అంద్రెయ ఫోను మార్చేశాడు. గట్టయ్య మాట నమ్మి ఒక మనిషి ఒక పని చేయడం ఇదే మొదలు. పాపం, ఛాతీ ఉబ్బకుండా ఎట్లా ఉంటుంది?

"చూసినవా పోశం, తెలివిగల్లోడు ఎట్ల మారిండో," అన్నాడు. "నీ పెద్ద ఫోను నువ్వే ఉంచుకో. నా చిన్న ఫోను ఒకసారి బొగ్గుల పడ్డది, మళ్ళ దొరికింది. గంతే. నేనేం గొప్ప చెప్తలేను."

పోశం బొగ్గు బెల్టు మీద పనిచేసే మనిషి, ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. పడ్డ ఫోను దొరకడంలో గొప్పేముంది కాకా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఆ రోజు అందరూ పొద్దుండగానే ఇల్లు చేరేవాళ్ళు.

"ఏడ పడ్డదో ఇనవేంది? డ్యూటీ దిగి క్వారీల నిలబడ్డ, షావెల్ బొగ్గు ఎత్తుతున్నది, నేను ఒంగి చెప్పు సరిజేసుకుంటున్న, అంగీ జేబుల కెల్లి జారి సక్కగ షావెల్ బకెట్ల పడ్డది, అయ్యో అనేలోపు బకెట్ లేశింది, డంపర్ల పోశింది, ఆ డంపరోడు నాకు చెయ్యి ఊపుకుంట పాయె, నేను ఎంబడి ఉరికిన, డంపర్‌తోని సమానంగ ఉరికిన, వాడు గేరు మార్చినప్పుడల్ల నేనే ముందల ఉంటి, మలుపు కాడ వాడు దారి ఇయ్యక ఆగిన గని, లేకుంటె క్రషర్ కాడికి నేనే ముందు పోదును. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పులతోని క్వారీలకు ఎవడు రానిస్తడు కాకా? బూట్లు కద," అన్నాడు పోశం.

"బూటే అనుకో. కథకు కాళ్ళు అడ్డం పెట్టకు. క్రషర్ల పడ్డది. ముచ్చట ఈడనే ఉన్నది. నీ పలక లెక్కటి ఫోనైతే ఆ ఇనుప పండ్లల్ల అడ్డం పడి పొడి పొడి అయితుండె. నాది చిన్నది. ఈ పంటికీ ఆ పంటికీ నడుమ నుంచి సప్పుడు గాకుంట దాటింది, దాటి బెల్టు మీద పడ్డది. పడ్డదో లేదో, మల్లక్క ఫోన్ చేసింది."

మరి వదినతో ఎవరు మాట్లాడారన్నా అని జమున పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

"ఫోనే మాట్లాడింది చెల్లె. నా దగ్గర ఇన్నేండ్లు ఉండి ఉండి దానికి నా మాట వచ్చేసింది. డ్యూటీల ఉన్న, మళ్ళ చేస్త అన్నది. ఆమె సరే అని పెట్టేసింది. ఇప్పటికీ ఆమెకు ఎరుక లేదు."

బల్లలన్నీ నవ్వాయి. పాలు పొంగబోతుంటే జమున నవ్వుకుంటూనే గిన్నె దించింది. గట్టయ్య ఓరగా అంద్రెయ వైపు చూశాడు. అతను నవ్వలేదు. చాయ్ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు. చిన్న ఫోనును మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని ఏదో వెతుకుతున్నాడు. కొత్త ఫోను మోజు కాబోలు అనుకున్నాడు గట్టయ్య. అంతలో అంద్రెయ తల ఎత్తి, ఫోను లోపల ఉన్నవన్నీ అప్పటికి బాగానే ఉన్నాయా అన్నా అని మెల్లగా అడిగాడు. అంత శ్రద్ధగా అడిగేవాడు దొరికేసరికి గట్టయ్యకు కొత్త ఊపు వచ్చింది. ఆగు, అసలు సంగతి ముందుంది అన్నాడు.

"బెల్టు మీది నుంచి బంకరు, బంకర్ల నుంచి వ్యాగను, వ్యాగను పోయి పవర్ హౌస్ల ఒలికింది. ఆడ బొగ్గును పిండి చేసే మర ఉంటది. గుట్టంత బొగ్గు పిండి అయ్యింది గని నా ఫోను కాలే. పొయ్యి పొయ్యి బాయిలర్ల పడ్డది. గా మంటల ఇనుము సుత నీళ్ళయితది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడేసుకున్నప్పుడు దాంట్ల ఛార్జింగు అయిపోనీకి వచ్చింది. బాయిలర్ల నుంచి బయటపడేటాళ్ళకు నిండ ఎక్కి ఉన్నది. పవర్ హౌస్ల పడ్డంక కరెంటుకు కరువా? అయ్యాల్టి సంది ఈ రోజు దాక నేను తీగ పెట్టలే."

మొన్ననే కదా జమునక్క దగ్గర ఛార్జర్ అడిగి తీసుకున్నావని పోశం గుర్తు చేశాడు. అది మల్లక్క ఫోనుకని గట్టయ్య తడుముకోకుండా చెప్పాడు.

"పొగతోని పాటు చిమ్నీల పైకి లేశింది. అంత ఎత్తుల, దానంతట అదే ఒక ఫోటో తీసింది. కమాన్‌పూర్ దిక్కు క్వారీలు, గోదావరి, అవతల మంచిర్యాల, అన్ని ఒక్క ఫోటోల పడ్డయి. మా దాబ మీద మల్లక్క మిరపకాయలు ఎండబోసుడు సుత కానొస్తది. చూపెడుదును గని చూసినోళ్ళకు కండ్లు తిరుగుతయి, మళ్ళ దవాఖానకు నేనే తీస్కపోవాలె. ఆడి నుంచి బూడిదల పడ్డది. బూడిద లారీ బసంత్‌నగర్ పోయింది, సిమెంటుల కలిసింది, బస్తల పడ్డది. సరిగ్గ అప్పుడే మేము వంటింటి గోడ కడుతున్నం. ఎన్ని లారీలు, ఎన్ని బస్తలు, ఎన్ని ఊర్లకు పోతయి? ఆ బస్త మా ఇంటికే వచ్చింది. మనిషిని వెతుక్కుంట వచ్చింది తమ్మీ. గోడ లేశింది, నీళ్ళు కొట్టినం, ఒకనాడు మల్లక్క పోపు పెడుతుంటె గోడల నుంచి రింగు. ఆమె గంటె ఇడిశిపెట్టి బయటికి ఉరికింది. నేను సుత్తె తీస్కొని గోడ కొట్టిన. ఇటుకల నడుమ కూసున్నది. అద్దం మీద ఒక్క గీత లేదు."

ఎవరో బల్ల మీద చరిచారు. రోజూ అయితే కథ అక్కడితో ముగిసేది, ఎవరో ఒకరు గట్టయ్యకు చాయ్ చెప్పేవారు. కానీ అంద్రెయ లేచి వచ్చి గట్టయ్య పక్కనే కూర్చున్నాడు.

"అన్న, మరి లోపలున్నయి ఏమైనయి?" అన్నాడు.

అక్కడ ఆగితే సరిపోయేది. ఆగడం గట్టయ్యకు చేతకాదు.

"లోపలున్నయా? ఒక్కటి పోలే. ఉన్నయన్ని ఉన్నయి, లేనియి సుత వచ్చినయి. నేను తుడిపేసిన ఫోటోలు తిరిగొచ్చినయి. మా అవ్వ, ఊర్లెకు ఫోన్లు రాకముందే సచ్చిపాయె, ఆమె గొంతు సుత ఉన్నది దాంట్ల. తిన్నవా బిడ్డా అని అడుగుతది."

ఈసారి నవ్వు అంతగా రాలేదు. అంద్రెయ చిన్న ఫోనును ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు.

"ఎట్ల తెప్పించినవన్న? నాకు సుత చెప్పు," అన్నాడు. "ఫోను మార్చేటప్పుడు నిన్ను అడిగిన, పాట పోతదా అని. నంబరు నీదే కద, నంబరు ఎటు పోతె పాట అటే వస్తది అంటివి. ఫోన్ల దుకాణపాయన పాతది తీసుకున్నడు, కొత్తది ఇచ్చిండు. ఇంటికి పోయి చూస్తె పాట లేదు. డెబోరా కాసిపేట నుంచి ఉరికొచ్చి అడిగింది. అదంత తుడిచి ఎవరికో అమ్మినరట. ముందుగాల్నే బిడ్డ ఫోనుకు ఆ పాట పంపి పెడుదామనుకున్న, పంపుడు రాక ఊకున్న. నీ ఫోను నిప్పులల్ల పడి సుత ఏం పోలేదంటివి. నాది ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు పోయింది, గంతే. మరి నాది ఎందుకు పోయింది?"

నంబరు మాట తను అన్న సంగతి గట్టయ్యకు అప్పుడు గుర్తుకొచ్చింది. చాయ్ గ్లాసు ఎత్తుతూ, అంద్రెయ మొహం వైపు చూడకుండా అన్న మాట. దానికి ముందో వెనుకో ఎవరినో నవ్వించడంలో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని కోతలు కోశాడో లెక్క లేదు, ఒక్కదాని వల్లా ఎవరికీ ఏమీ పోలేదు. పోయిందల్లా ఈ ఒక్క మాటతో పోయింది, అదీ కోతనుకుని అన్న మాట కూడా కాదు, తెలిసినట్టు అన్న మాట. అల్లుడిచ్చిన పెద్ద ఫోను తన చేతిలో జారి పగిలిందని ఆనాడే చెప్పి నలుగురిలో నవ్వుల పాలైనా బాగుండేదని మనసులో కుమిలిపోయాడు.

"అది కోత తమ్మీ," అన్నాడు. "ఫోను పడనే లేదు."

"నాకెరుకే అన్న. నీ కోతలు నాకు ఎరుక లేవా? గీ ఒక్కటన్న నిజమైతె బాగుండని కూసున్న."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే గట్టయ్యకు కొంత నయంగా ఉండేది.

అంద్రెయ అందరి వైపూ చూశాడు.

"పోయింది ఎట్లనో పోయింది. ఒక్కటి చెప్పుర్రి. మీరందరు రోజు ఇన్నరు కద. ఆమె నవ్వేది పాట మొదట్లనా, నడుమనా? ఏ మాట కాడ ఆగి నవ్వేది? నాకు ఒకసారి ఇట్ల యాదికొస్తది, ఒకసారి అట్ల. ఆ జాగ ఒక్కటి తెలిస్తె మిగిలింది నేనే పాడుకుంట."

స్టవ్ మోతలో తనకు ఎప్పుడూ సరిగా వినపడలేదని జమున అన్నది, అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పోశం తన పెద్ద ఫోనును బోర్లా తిప్పి పెట్టాడు. తను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉండేవాడినన్నాడు. ఇక అందరూ గట్టయ్య వైపు చూశారు. రోజూ ఆ గ్లాసుకు ఎదురుగా, ఆ ఫోనుకు అందరికంటే దగ్గరగా కూర్చున్నది అతనే.

గట్టయ్య కళ్ళు మూసుకున్నాడు. అన్నీ కనిపించాయి. గ్లాసుకు ఆనించిన పెద్ద ఫోను, అందులో చేట, బియ్యం, యేసమ్మ పెదవులు కదలడం. చెవులు రిక్కించాడు. వరదలో గోదావరి దాటిన డంపర్ కథ వినపడింది. క్వారీలో ఎలుగుబంటితో కుస్తీ పట్టిన కథ వినపడింది. ఏ రోజు ఏ కథ చెప్పాడో మాటకు మాట గుర్తుంది, ఎక్కడ ఎవరు నవ్వారో కూడా గుర్తుంది. యేసమ్మ ఎక్కడ నవ్విందో మాత్రం లేదు. అంద్రెయ ఇంకా అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆ పాట మోగినన్ని రోజులూ గట్టయ్య మాట్లాడుతూనే ఉన్నాడు.