వాసన సీసాల డాక్టరమ్మ

కూర్చో అమ్మడూ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు మంచం మీదికి రా. ముందే చెప్తున్నా, వరస తప్పుతానేమో. ముందుది వెనకా, వెనకది ముందూ చెప్పేస్తే నువ్వేం కంగారు పడకు, నేనూ పడను. పడనని అన్నానే గానీ పడతాను. మొన్న పొయ్యి మీద గిన్నె పెట్టి, ఎందుకు పెట్టానో గుర్తురాక, నీళ్లు మరుగుతుంటే అలా చూస్తూ నిలబడ్డాను. మీ అమ్మ వచ్చి ‘ఏంటత్తయ్యా’ అంటే ‘టీ కోసం’ అని చెప్పి, తాగాలని లేకపోయినా ఒక గ్లాసు తాగాల్సొచ్చింది. నవ్వకు. ఇంతకీ ఏం అడిగావూ? ఆ, గూట్లో ఉన్న ఆ నాలుగు సీసాలు ఎవరివని కదా. అవి డాక్టరమ్మవి. మా తలల డాక్టరమ్మవి. నేను ఆవిడ గదిలో ఆయాగా పద్దెనిమిదేళ్లు చేశాను.

తలకి దెబ్బలు తగిలినవాళ్లని చూసేది ఆవిడ. కోసేవాళ్లు వేరే, వాళ్లు పై అంతస్తులో ఉండేవాళ్లు, మెట్లు దిగితే అరిగిపోతాం అన్నట్టు. కోయడం అయిపోయాకో, కోయనక్కర్లేదని పంపించేశాకో, మనిషి మళ్లీ మనిషి అవుతున్నాడా లేదా అని చూసేది మాత్రం ఈవిడే. పొట్టిది. నా భుజం దాకా వచ్చేది అంతే. పొడుగాటి మనిషి వస్తే కాళ్లపీట లాక్కుని, దానిమీదెక్కి వాడి కళ్లలోకి లైటు వేసేది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని గదంతా వెతికేది. ‘ఊళ్లోవాళ్ల తలలన్నీ చూస్తాను, నా తల చూసేవాళ్లు లేరు’ అని తనే నవ్వేది. అందరూ తల ఫోటో పట్టుకుని వచ్చి ‘ఫోటో బాగుందన్నారండీ’ అనేవాళ్లు. ఆవిడ ఫోటో పక్కన పెట్టి, ‘ఫోటో బాగుంది సరే, మనిషి బాగున్నాడా?’ అనేది. రోగిని కాదు, పక్కనున్న వాళ్లని అడిగేది. ‘ఇంట్లో ఏం మారింది?’ అని. ఎప్పుడూ అదే మాట. ఒకావిడ, వాళ్లాయన మోటారుసైకిలు మీంచి పడ్డాడులే, ‘ఏం మారలేదండీ, ముందూ నా మాట వినేవాడు కాదు, ఇప్పుడూ వినడు’ అంది. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, ‘అయితే ఆ భాగానికి దెబ్బ తగల్లేదు’ అంది! బయట బెంచీ మీద వాళ్లు కూడా నవ్వారు. ఆ గది తలుపు సరిగా పడేది కాదు, లోపలి మాటలన్నీ బెంచీకి వినపడేవి. ఆ తలుపు సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది. నేను మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి.

పరీక్షలు బోలెడు. గచ్చు మీద నల్ల బండల వరస ఒకటుండేది, దాని మీద ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి నడవాలి. చొక్కా గుండీలు పెట్టుకోవాలి. వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టాలి, అది నాకూ వచ్చేది కాదు, నా తలకే దెబ్బా తగల్లేదు. చివరికి ఈ సీసాలు, నల్ల గాజువి కదా, లోపల ఏముందో బయటికి కనపడదు. కళ్లు మూసుకోమని, ఒక ముక్కు రంధ్రం నొక్కిపెట్టి, రెండోదాని కింద సీసా పెట్టేది. కాఫీ పొడి, సబ్బు ముక్క, లవంగాలు, ఎండిన నిమ్మతొక్క. ఎందుకమ్మా అంటే, తలకి దెబ్బ తగిలినప్పుడు వాసన తెలిపే నరాలు సన్నవి, పుటుక్కున తెగుతాయి, తెగినట్టు ఆ మనిషికే తెలీదు, అంది. ఆవిడ కళ్లు ఎప్పుడూ రోగి మొహం మీదే ఉండేవి. వెనక్కి చెయ్యి చాపితే నేను సీసా పెట్టేదాన్ని. కాఫీ, సబ్బు, లవంగం, నిమ్మ. పద్దెనిమిదేళ్లలో, ఉండు, మొదటి నాలుగేళ్లలో, ఒక్కరోజు కూడా వరస తప్పలేదు. ‘మా ఆయా చేతిలో వస్తువు చోటు మారదు’ అని అందరికీ చెప్పేది. నాకు ఎంత గర్వమో.

మీ తాత సంగతి అప్పుడే. మా తమ్ముడు, బేకరీలో పొయ్యి పని. పదహారో ఏట చేరాడు, ఆ పని తప్ప ఇంకోటి రాదు, వద్దు కూడా. రొట్టెకి చెయ్యి తగలకుండా రంగు చూసి చెప్పేవాడు ఇంకా ఎంతసేపో. ఒకరోజు పై అరలో రేకు తీయబోయి, పిండి బస్తాల మీదెక్కి, జారి, పొయ్యి ఇనప అంచుకి తల కొట్టుకున్నాడు. రెండు రోజులు కళ్లు తెరవలేదు. మూడోరోజు తెరిచి ‘రొట్టెలు తీశారా?’ అన్నాడు. ఫోటో బాగుందన్నారు. మా డాక్టరమ్మ దగ్గరికి వారానికోసారి రమ్మన్నారు. ఈలోగా బేకరీ యజమాని ఇంటికొచ్చి, పెద్ద మనిషే పాపం, చెడ్డవాడు కాదు, ‘అమ్మా, నెలాఖరు దాకా ఆగుతాను. పని చెయ్యొచ్చని డాక్టరమ్మ కాగితం ఇస్తే మీవాడే, లేకపోతే పొయ్యి దగ్గరికి వేరేవాణ్ణి చూసుకోవాలి’ అన్నాడు. మీ నాన్నకి అప్పుడు మూడేళ్లు, మీ అత్త చంటిపిల్ల. మీ నాయనమ్మ వాళ్లతో సతమతమవుతుంటే వంట నాదే.

ఇదిగో ఇక్కడ నా తప్పొకటుంది. వాడు ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు, ‘అక్కా, నీ చేతి వంటలో రుచి పోయిందే’ అంటాడు. ఇవాళా అదే, రేపూ అదే. నాకెంత ఒళ్లు మండిందో! ఉప్పు పెంచాను, కారం పెంచాను. మీ నాయనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని తింటోంది, వాడు మాత్రం ‘చప్పగా ఉంది’ అంటాడు. డాక్టరమ్మ నన్ను ‘ఏమ్మా, ఇంట్లో ఏం మారింది?’ అని వాడి గురించి అడిగితే, నా వంట బాగాలేదంటున్నాడని నా నోటితో నేనెలా చెప్తాను? ‘ఏం మారలేదమ్మా’ అన్నాను. పద్దెనిమిదేళ్లు... నాలుగేళ్లు ఆ ప్రశ్న వినీ వినీ, నా వంతు వచ్చేసరికి అబద్ధం చెప్పాను చూడు.

వాడు అన్నీ నెగ్గాడు. బండల మీద దారం లాగినట్టు నడిచాడు. ఏడేసి తీసేశాడు. సీసాలు కూడా, ప్రతిసారీ టకటకా చెప్పేవాడు. మూడోసారో నాలుగోసారో, కాగితం ఇచ్చే రోజు. ఆ పొద్దున నర్సమ్మకి తలనొప్పి, నర్సుల గదిలో కాఫీ పొడి నిండుకుంది. నేనే ఈ పరీక్ష సీసాలోది తీసి కలిపిచ్చాను. సరే, నేనూ రెండు గుక్కలు తాగాను. సీసా వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, దాని చోట దాన్ని పెట్టేశాను, వరస చెడకూడదుగా. కొత్త పొడి నింపాలి అనుకున్నాను. మర్చిపోయాను. చూశావా, మరుపు ఇప్పటిది కాదు, అప్పట్నుంచే ఉంది నాకు!

మీ తాత కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది, నేను సీసా పెట్టాను. వాడు గుండెల నిండా పీల్చి, ‘ఆహా, కాఫీ పొడి. మంచి రకం. ఇవాళే పట్టించినట్టున్నారు’ అన్నాడు. డాక్టరమ్మ మెచ్చుకోలుగా సీసాలోకి చూసింది. లోపల ఏముంది? గాలి. ఆవిడ తనే లవంగాల సీసా తీసి పెట్టింది. ‘సబ్బు’ అన్నాడు. నిమ్మతొక్క పెట్టింది. ‘లవంగం, ఘాటుగా ఉంది’ అన్నాడు. ‘నాయనా, కళ్లు తెరువు. నీకు వాసన తెలుస్తోందా?’ అంది మెల్లగా. వాడు తెల్లబోయి, ‘వాసనా? ఇది వాసన పరీక్షా? జ్ఞాపకం పరీక్ష కాదూ?’ అన్నాడు! తలకి దెబ్బ తగిలినవాడికి ఇంకేం పరీక్ష పెడతారు, జ్ఞాపకమే అనుకున్నాడు. బెంచీ మీద కూర్చుని, ఆ పడని తలుపులోంచి విని, కాఫీ, సబ్బు, లవంగం, నిమ్మ అని నేర్చుకున్నాడు. ఇంట్లో గొణుక్కుంటుంటే నేను అంగడి సరుకులు అనుకున్నాను. ‘వాసన తెలియకపోవడం జలుబనుకున్నానమ్మా, ఆసుపత్రిలో అందరికీ పట్టేదే కదా’ అన్నాడు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. ‘అయితే నా వంట బాగానే ఉందన్నమాట!’ అన్నాను. ఏమన్నావూ? అవును, అందరూ నవ్వారు, వాడు తప్ప.

‘మీ పొయ్యి గ్యాసుదేనా? పొద్దున ఎవరు వెలిగిస్తారు?’ అంది డాక్టరమ్మ. ‘నేనే. తాళం తీసేది, వెలిగించేది నేనే.’ ‘గ్యాసు కారితే నీకెలా తెలుస్తుంది?’ వాడు చేతులు ఇలా ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. అంత మనిషి, పొయ్యిలో చెయ్యి పెట్టేవాడు, చిన్నపిల్లాడిలా ‘నా చేతులు బాగున్నాయమ్మా’ అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను, అన్నీ మర్చిపోయినా.

మర్నాడు ఆవిడ బేకరీకి నడుచుకుంటూ వచ్చింది. పెద్ద డాక్టరు, ఎవరైనా కాగితం రాసి పంపేస్తారు. ఈవిడ పిండి బస్తా ఎక్కి కూర్చుని, రెండు గంటలు వాడి పని చూసింది. రంగు చూసి తీయడం, రేకు తిప్పడం, అన్నీ. బట్టల నిండా పిండి. అక్కడే కాగితం రాసిచ్చింది. యజమాని అటు తిప్పి ఇటు తిప్పి, ‘ఇదేంటమ్మా, పనికొస్తాడనా, పనికి రాడనా?’ అన్నాడు. ‘పనికొస్తాడు. అగ్గిపుల్ల తప్ప అన్నీ ఇతని చేతికివ్వు. తాళం నువ్వు తియ్యి, వాసన నువ్వు చూడు, పొయ్యి నువ్వు వెలిగించు. తర్వాత వెళ్లి పడుకో’ అంది. ఆయన రోజూ పొద్దున్నే సణుక్కుంటూ వచ్చేవాడు, ‘నా బేకరీలో నాకే పని పెట్టింది ఆ పొట్టావిడ’ అని. రొట్టె తిని పడుకునేవాడు.

తిట్లు? నన్నా? తిట్టలేదు. అదే నాకు బాధ. ‘సగం తప్పు నాది, సీసా వంక చూడకపోవడం. రేపట్నుంచి నువ్వు వరస తప్పించాలి. ఒక్కొక్కరికి ఒక్కోలా కలిపి ఇవ్వు’ అంది. నేను కదల్లేదు. ‘ఏం?’ ‘కలిపేస్తే ఏది ఏదో నాకు తెలీదమ్మా.’ ‘మూత మీద రాసుందిగా.’ ‘రాసుంది’ అన్నాను, తల వంచుకుని. అప్పుడర్థమైంది ఆవిడకి. నా వరస అంతా పద్ధతి వల్ల కాదు అమ్మడూ, చదువు రాకపోవడం వల్ల. వస్తువు చోటు మారితే నేను గుడ్డిదాన్నే. నాలుగేళ్లు దాచాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘తలల డాక్టర్ని, ఎదురుగా ఉన్న తల చూడలేదు’ అంది.

అప్పుడే ఒక బడిపంతులుగారు వచ్చేవారు, దెబ్బ తగిలి అక్షరాలు పోయాయి ఆయనకి. మాట్లాడతారు, పాఠం చెప్తారు, ‘అ’ చూపిస్తే గుర్తుపట్టరు. ఆయనకి అట్టముక్కల మీద అక్షరాలు చూపించి మళ్లీ నేర్పేది డాక్టరమ్మ. ‘నువ్వూ ఆయన పక్కన కూర్చో’ అంది. ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పిన పంతులుగారూ, ఆసుపత్రి ఆయానూ, ఒకే బల్ల మీద పలకలు పట్టుకుని! నాకు ముందొస్తే ఆయనకి రోషం. ‘నాకు పోయి వస్తున్నాయమ్మా, నీకు కొత్తగా వస్తున్నాయి, తేడా లేదూ?’ అనేవారు. ఆరునెలలకి ఇద్దరం కూడబలుక్కుని చదివాం. నాకైతే తర్వాత ఆగలేదు. పొట్లం కాగితాలు కూడా వదిలేదాన్ని కాదు. ఆ చదువు పిచ్చిలోనే గిన్నె మాడింది.

గిన్నె సంగతి చెప్పలేదూ? చూశావా, వరస. ఏడాది తర్వాతో ఎప్పుడో, ఆదివారం కాదు, ఆసుపత్రి ఉంది ఆ రోజు, నాది మధ్యాహ్నం పని. పొయ్యి మీద పాలు పెట్టి పొట్లం కాగితం చదువుతూ కూర్చున్నాను. మీ తాత బేకరీ నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతూ వీధి గుమ్మంలోంచి ‘అక్కా, ఏదో మాడుతోంది’ అన్నాడు. ‘ఆ, వస్తున్నా’ అని లేచాను. లేచి, ఆగాను. వాడూ ఆగాడు. ఒక చెప్పు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది. ‘ఏమన్నావురా?’ ‘మాడుతోందన్నాను.’ ‘ఎలా తెలిసింది?’ అంతే, పొయ్యి ఆర్పి, ఆ నల్లటి గిన్నె గుడ్డతో పట్టుకుని ఇద్దరం వీధుల వెంట పరుగు. జనం చూస్తున్నారు. రోగులందరి ముందు డాక్టరమ్మ బల్లమీద పెట్టాం. ఆవిడ గిన్నెలో తలపెట్టి వాసన చూసి, ‘ఇంత బాగా ఎవరూ మాడ్చలేదు నా కోసం’ అంది. సీసాలు పెడితే నాలుగింటిలో రెండు చెప్పాడు. కలిపినవే, నేనే కలిపాను, చదివి మరీ. మిగతా రెండూ ఎప్పటికీ రాలేదు. యజమాని అగ్గిపెట్టె మాత్రం చివరిదాకా ఇవ్వలేదులే, పొద్దున్నే రావడం అలవాటైపోయింది ఆయనకి.

ఆవిడ పోయి ఇరవై ఏళ్లయింది. ఇరవై రెండా? మీ నాన్న పెళ్లికి ముందా, తర్వాతా? ఆవిడ గొంతు గుర్తుంది, ఆ కాళ్లపీట గుర్తుంది, మొహం ఒక్కోరోజు సరిగా రాదు. అదే భయం నాకు. తను పని మానేసే రోజున ఈ సీసాలు నా చేతిలో పెట్టి, ‘వరస తప్పించడం నీ పని, గుర్తుందిగా’ అంది. నాకు చదువొచ్చాక పేర్లు మూతల మీంచి తీసేసి, కొత్తగా రాసి అడుగున అంటించాం, రోగులకి కనపడకుండా. నా రాతే అది, నా మొదటి రాత, వంకర చూడు. లోపలివి నెలనెలా మారుస్తాను. రోజూ పొద్దున కళ్లు మూసుకుని చూసుకుంటాను, వాసనా ఉందా, పేరూ ఉందా అని. కానీ నేను కలిపితే నా చేతికి తెలిసిపోతుంది. నువ్వు తీసుకురా. ఆ, నాలుగూ. కలిపెయ్యి, బాగా కలుపు, జాలిపడకు. కళ్లు మూశాను. ఇవ్వు. ఇది లవంగం. ఊఁ, ఇంకోటి. సబ్బు. ఇది... ఇది కాఫీ, ఈసారి సీసాలో ఉంది. ఇంకోటి ఇవ్వు. ఇది... ఉండు, చెప్పకు. నాకు తెలుసు ఇది. పసుపుపచ్చగా ఉంటుంది, పుల్లగా... చెప్పకన్నానా. నిమ్మ. నిమ్మతొక్క. ఇప్పుడు సీసాలు తిప్పి, అడుగున పేర్లు సరిచూడు అమ్మడూ. పైకి చదువు.